గోడకు పాయింట్లు బిగించబోయే అల్లుడికి

అల్లుడూ,

రిటైనింగ్ వాల్ (వెనక మట్టి జారకుండా ఆపే గోడ) కదలికను కొలిచే మానిటరింగ్ పని నీ చేతికొచ్చిందని తెలిసి సంతోషించాను. ఏ టోటల్ స్టేషన్ (కోణాలూ దూరాలూ కొలిచే సర్వే యంత్రం) తీసుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని రెండు పేజీలు రాశావు గానీ, యంత్రం గురిచూసే పాయింటుగా గోడలో దిగే బోల్టు గురించి ఒక్క ముక్క లేదు. ఎంత ఖరీదైన యంత్రమైనా చివరికి చూసేది ఆ బోల్టునే. అది వదులైతే నువ్వు నెలనెలా కొలిచేది బోల్టు కదలికనే, గోడ కదలికను కాదు. కాబట్టి యంత్రం సంగతి పక్కన పెట్టి, బోల్టు సంగతి రాస్తున్నాను.

డ్రిల్ పట్టుకునే ముందు చిన్న సుత్తితో గోడను తట్టి విను. డొల్ల శబ్దం వస్తే అది ప్లాస్టరింగ్, గోడను వదిలేసిన పొర. నా తొలి రోజుల్లో ఇది తెలియక ప్లాస్టరింగ్‌లోనే ఒక పాయింటు బిగించాను. రెండు వానాకాలాలు గడిచేసరికి అది 9 మి.మీ. ముందుకొచ్చింది. గోడ పడిపోతోందని కింద పని ఆపించాం. తీరా ఆ పొర కొట్టి చూస్తే లోపల గోడ నిక్షేపంగా ఉంది. అప్పుడు తిన్న తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయిలే.

అందుకని బోల్టు ఎప్పుడూ అసలు గోడలోకే దిగాలి. రాతి గోడైతే పెద్ద రాయి చూసుకుని దాని నడుమ వెయ్యి, రాళ్ల మధ్య సున్నంలోనో సిమెంటులోనో కాదు. పైన కోపింగ్ (గోడ నెత్తిన మూతలా వేసే వరస) జోలికి వెళ్లకు, అది గోడతో సంబంధం లేకుండా దాని దారిన అది జరుగుతుంది. వెనక నీరు బయటికి పోయే కన్నానికి, అదే వీప్ హోల్‌కి, దూరంగా ఉండు. ఎక్స్‌పాన్షన్ జాయింట్ (గోడ సాగడానికి వదిలిన సందు) కనిపిస్తే అటొకటి ఇటొకటి పెట్టు, ఒక పక్క ముందుకొచ్చి రెండో పక్క కదలకపోవడం మామూలే. ప్యానెళ్లతో కట్టిన గోడైతే ఏ ప్యానెల్ కదలిక దానిదే, ఒకదాని రీడింగ్ చూసి పక్కదాని గతి చెప్పలేం.

పాయింట్లను చెదురుమదురుగా చల్లకు. తూకం గుండు వేసినట్టు ఒకే నిలువు వరసలో కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి ఉండాలి. మూడూ ఒకేలా ముందుకొస్తే గోడ జారుతోంది. పైది ఎక్కువ, కిందది తక్కువైతే ఒరుగుతోంది. నడుమది ఒక్కటే వస్తే పొట్ట ఉబ్బుతోంది. కింద పాయింటు 3 మి.మీ., దానికి 6 మీటర్ల పైనున్నది 12 మి.మీ. వచ్చాయనుకో, ఒరిగింది 6 మీటర్లకు 9 మి.మీ. పైన ఒక్క పాయింటే ఉంటే ఆ 12లో జారినదెంత, ఒరిగినదెంత అని డిజైన్ ఇంజనీరు అడిగినప్పుడు నీ దగ్గర జవాబుండదు.

ఇక రంధ్రం. గోడలో దాన్ని వెనక నేలకు పట్టి ఉంచే యాంకర్లో, బిగువుగా లాగి ఉంచిన ప్రీస్ట్రెస్ కేబుళ్లో ఉన్నాయేమో డ్రాయింగ్‌లో చూడకుండా డ్రిల్ ఆన్ చెయ్యకు. మామూలు కడ్డీలకైతే డిటెక్టర్ సరిపోతుంది. 10 మి.మీ. మరలున్న (థ్రెడ్ ఉన్న) రాడ్‌కి 12 మి.మీ. బిట్, లోతు 90 మి.మీ. దాకా. తవ్వాక చాలామంది చేసే తప్పు, ఒకసారి నోటితో ఉఫ్‌మని ఊది ఎపాక్సీ జిగురు పోసెయ్యడం. లోపల దుమ్ము మిగిలితే జిగురు పట్టేది దుమ్మునే. పంపుతో ఊదు, వైరు బ్రష్ తిప్పు, మళ్లీ ఊదు. దుమ్ము రావడం ఆగేదాకా ఇదే పని. విసుగ్గా ఉంటుంది, కూలీలు నీ మొహం చూసి నవ్వుతారు, నవ్వనీ.

ట్యూబులో మొదట వచ్చే ముద్దను పారెయ్యి, రంగు సమంగా కలిసినదే వాడు. రంధ్రం అడుగు నుంచి నింపుకుంటూ బయటికి రా, మూడింట రెండు వంతులు చాలు. రాడ్‌ని తిప్పుతూ లోపలికి నెట్టు. ఆరడానికి ఎంతసేపో ప్యాకెట్ మీద ఉంటుంది, చలి ఎక్కువైతే అది బాగా పెరుగుతుంది. అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు. మామూలు ఇనుము వద్దు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుని చుట్టూ కాంక్రీటును పగలగొడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలే వాడు, సముద్రం దగ్గరైతే 316 రకం.

యంత్రం గురిచూడటానికి బోల్టుకు బదులు గోడకు అతికించే స్టిక్కర్ టార్గెట్లు చవక, నిమిషంలో అతుకుతాయి. కొన్ని నెలల పనైతే సరే. ఏళ్ల తరబడి చూడాల్సిన గోడకైతే ఎండా వానా కలిసి వాటి అంచులు లేపేస్తాయి. పైగా ఏటవాలుగా చూస్తే, 45 డిగ్రీలు దాటాక, రీడింగ్ నమ్మలేం. నా ఓటు గోడకు సమంగా లోపల కూర్చునే, మరలున్న సాకెట్‌కి. రీడింగ్ రోజున ప్రిజం (యంత్రం వెలుగును దానికే తిప్పి పంపే గాజు) బిగించడం, తరవాత తీసేసి మూత పెట్టడం. లారీ రాసుకుపోయినా, పిల్లలు రాళ్లు విసిరినా పోయేదేమీ లేదు. ఒక్కటే జాగ్రత్త, మరలో ఇసుక చేరితే ప్రిజం చివరిదాకా కూర్చోదు. ఆ అర మిల్లీమీటరు కాస్తా నీ రిపోర్టులో గోడ కదలికై కూర్చుంటుంది.

రిఫరెన్స్ పాయింట్లు, అంటే గోడ కదలికను పోల్చి చూసే కదలని గుర్తులు, గోడ వెనక మట్టి మీద పెట్టావో, గోడతో పాటు అవీ కదిలి నీకు ‘కదలిక లేదు’ అని చెబుతాయి. గోడ ఎత్తుకు కనీసం రెండు మూడింతల దూరంలో, గట్టి రాతి మీదో లోతైన పునాదున్న కట్టడం మీదో పెట్టు. నాలుగుండాలి. ఒకటి తప్పితే మిగతా మూడూ దాన్ని పట్టిస్తాయి.

ఎండ కూడా గోడను కదిలిస్తుంది. 10 మీటర్ల కాంక్రీటు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మి.మీ. సాగుతుంది. ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే సూర్యోదయానికి ముందే చూడు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఒకసారి రాత్రికి రాత్రి గోడంతా ముందుకొచ్చినట్టు రీడింగ్ వచ్చింది, ప్రతి పాయింటూ సరిగ్గా 34 మి.మీ. ఫోన్లు మోగాయి. నాకు అనుమానం వచ్చింది అన్నీ ఒకే అంకె ఎందుకున్నాయని. లైకా కంపెనీ యంత్రాల లెక్కలో గుండ్రటి ప్రిజంకు కాన్‌స్టెంట్ (కొలిచిన దూరానికి కలిపే సవరణ) సున్నా, స్టిక్కర్‌కు 34.4 మి.మీ. రిఫరెన్సులు ప్రిజాలు, గోడ మీదివి స్టిక్కర్లు, కుర్రాడు ఆ కాన్‌స్టెంట్ మార్చడం మరిచాడు. అప్పటినుంచి ప్రతి పాయింటు పక్కన దాని టార్గెట్ రకం రిజిస్టర్లో రాయిస్తున్నాను.

పని మొదలవకముందే వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు తొలి రీడింగులు తీసుకో. నంబర్లు పెయింటుతో కాదు, చెక్కిన రేకుతో. పాయింటు విరిగి కొత్తది వేస్తే పాత నంబరు దానికి ఇవ్వకు, పదేళ్ల తరవాత ఎవడో రెండూ కలిపి గ్రాఫ్ గీస్తాడు.

మొదటి రంధ్రం తవ్విన రోజు ఫోటో పంపు. దుమ్ము ఊదాక తీసినది.

మీ మామయ్య