పరుగులో వేగం సాధనతో వస్తుందా, పుట్టుకతోనే రావాలా?

మీ తమ్ముడు పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు, జంప్ పరీక్షలకి తయారవుతున్నాడు, 1600 మీటర్లు 8 నిమిషాల్లోపే అయిపోతోంది, 100 మీటర్లు మాత్రం 15.7 సెకన్ల దగ్గర ఆగిపోయింది, రోజూ పది రౌండ్లు కొట్టినా తగ్గట్లేదు అన్నారు. వేగం పెరుగుతుందండీ, నాకు పెరిగింది. కాకపోతే ఆ పది రౌండ్లతో పెరగదు. రెండేళ్లు నేను చేసిన పని కూడా అదే.

మాది గుంటూరు. స్కూల్లో మా మాస్టారొకరు "పరుగంటే పుట్టుకతో రావాలిరా, నీది ఎద్దు నడక" అన్నారు. ఆ కసితో డిగ్రీలో చేరాక తెల్లారగట్ల బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి పోయి రౌండ్ల మీద రౌండ్లు తిరిగేవాణ్ణి. బనీను పిండితే నీళ్లు కారేవి. 100 మీటర్లు మొదట్లో 14.2, రెండేళ్ల తర్వాత కూడా 14.2. దమ్ము పెరిగిందంతే.

అక్కడ పిల్లలకి నేర్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. వాన వెలిసిన ఒక పొద్దున నన్ను పిలిచి తడి మట్టిలో 30 మీటర్లు పరుగెత్తించి, నా అడుగుల దగ్గరే నన్ను కూర్చోబెట్టారు. మడమ దిగిన చోట గుంట, దాని ముందు చిన్న గట్టులాగా లేచిన మట్టి. "చూశావా, నువ్వు తంతే మట్టి వెనక్కి పోవాలి. నీది ముందుకి పోయింది. అడుగడుక్కీ బ్రేకేస్తున్నావు" అన్నారు. అంగ పెద్దదైతే వేగం వస్తుందనుకుని నేను కాలు ముందుకి విసిరేవాణ్ణి. కాలు పడాల్సింది దాదాపు మన ఒంటి కిందే, అదీ పాదం ముందు భాగం మీద. పెద్ద పెద్ద స్ప్రింటర్లకి పూర్తి వేగంలో పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతే. ఆ కాస్తలో నేలని ఎంత గట్టిగా తంతే అంత వేగం.

తర్వాత ఆయన పెట్టిన సాధన చూసి నాకు నవ్వొచ్చింది. వారానికి మూడే రోజులు. 30 మీటర్లు ఆరుసార్లు, ప్రతిసారీ ప్రాణం పెట్టి. మధ్యలో మూడేసి నిమిషాలు ఊరికే ఉండాలి. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు "ఏంటబ్బాయ్, కూర్చోడానికొచ్చావా" అనేవాళ్లు. నిజంగా సిగ్గేసేది. చెమట కూడా సరిగ్గా పట్టకుండా ఇంటికెళ్తుంటే ఏదో దొంగతనం చేసినట్టుండేది. కానీ కిటుకంతా ఆ కూర్చోవడంలోనే ఉంది. పూర్తి వేగానికి కండలో ఉండే సరుకు కొన్ని సెకన్లలో ఖర్చయిపోతుంది, మళ్లీ నిండటానికి నిమిషాలు పడుతుంది. అలసటతో పరుగెత్తితే ఒళ్లు నేర్చుకునేది నెమ్మదిగా పరుగెత్తడమే. మిగతా రోజుల్లో బరువుతో గుంజీలు, గ్యాలరీ మెట్ల మీద గెంతులు. ఒకసారి వార్మప్ ఎగ్గొట్టి తొడ వెనక కండ పట్టేయించుకుని రెండు నెలలు మంచమెక్కాను. ఆ తెలివితక్కువ పని మీవాణ్ణి చెయ్యనివ్వకండి.

ఎనిమిది నెలలకి 13.1 వచ్చింది, ఇంకో ఏడాదికి 12.6. ఆ తర్వాత ఏం చేసినా కదల్లేదు. అమ్మానాన్నలిచ్చిన కండలకి ఒక హద్దుంటుంది, మా మాస్టారి మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ హద్దు దగ్గరికి పోయేవాళ్లెంతమంది? మన నాగార్జున యూనివర్సిటీ తరఫున పరుగెత్తిన జ్యోతి యర్రాజినే చూడండి. 2022 మేలో 100 మీటర్ల హర్డిల్స్‌లో 13.23తో, 2002 నుంచి ఉన్న 13.38 జాతీయ రికార్డును బద్దలుకొట్టింది. 2023 ఆగస్టుకి 12.78కి దిగింది. హర్డిల్స్‌లో టెక్నిక్ పాలు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా అప్పటికే దేశంలో అందరికంటే ముందున్న మనిషి ఏడాదింబావులో ఇంకో 0.45 సెకన్లు తగ్గించింది.

మీవాడికి కావాల్సింది 15 సెకన్లు, అంటే ఇంకో 0.7. ఇందులో చాలా మటుకు స్టార్టింగ్‌లోనే దొరుకుతుంది. చాలామంది విజిల్ పడగానే నిటారుగా లేచి నిలబడతారు. మొదటి ఏడెనిమిది అడుగులు ఒళ్లు ముందుకి వాలి ఉండాలి, తల మెల్లగా పైకి రావాలి. స్నేహితుడు చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌ని మాత్రం నమ్మకండి. ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోలిస్తే అది దాదాపు పావు సెకను తక్కువ చూపిస్తుంది. అందుకని ఇంటి దగ్గర 14.6 వచ్చేదాకా సాధన ఆపొద్దు. సివిల్ కానిస్టేబుల్ పోస్టుకైతే 1600తో పాటు 100 మీటర్లు, లాంగ్‌జంప్‌లలో ఒకటి కొడితే చాలు కదా, ఆ గెంతులు 3.80 మీటర్ల జంప్‌కి కూడా పనికొస్తాయి.

1600కి వారంలో రెండు రోజులు చాలు, మిగతా రౌండ్లు మానిపించండి. రేపు పొద్దున ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్క నుంచి వీడియో తీయండి. మడమ నడుముకంటే బాగా ముందు పడుతుంటే, మిగతావన్నీ పక్కన పెట్టి అది సరిచేయించండి.