సీఈఏ పెరిగింది సరే, కొలనోస్కోపీ ఎందుకు చేయించలేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. రెండేళ్ల క్రితం పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, తర్వాత కీమోథెరపీ జరిగాయి. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) మళ్లీ చేయించలేదు. ఇటీవల మేమే ల్యాబ్‌లో చేయించిన రక్తపరీక్షలో సీఈఏ (పెద్దపేగు క్యాన్సర్‌ ఉన్న చాలామందిలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) 2.8 నుంచి 6.1కి పెరిగింది. నెల రోజులుగా మలబద్ధకం ఉండటంతో మందుల షాపులో అడిగి సిరప్ వాడుతున్నాం. రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏను గుర్తించే కొత్త పరీక్షతో వ్యాధి తిరగబెట్టిందో లేదో తేలిపోతుందా?
– ఒక పాఠకుడు, గాజువాక

సలహా: మీరు అడిగింది డీఎన్ఏ పరీక్ష గురించే అయినా, నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన మలబద్ధకం. పెద్దపేగుకు ఆపరేషన్ అయినవారిలో మలవిసర్జన తీరు కొత్తగా మారి నెల గడిచిందంటే, పేగును కలిపి కుట్టిన చోట దారి సన్నబడిందా, అక్కడ గడ్డ మళ్లీ పెరుగుతోందా అన్నది ముందు చూడాలి. పేగు మూసుకుపోతున్నప్పుడు విరేచనాల మందు ప్రమాదకరం కావచ్చు. షాపులో సిరప్ ఇచ్చిన వ్యక్తికి మీ నాన్నగారి పొట్ట మీది కుట్ల మచ్చ కనిపించదు కదా! దయచేసి ఇకపై డాక్టరును అడగకుండా ఆ మందు వేయకండి.

సీఈఏ మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపు ఉంటే చాలా ల్యాబ్‌లు సాధారణమనే రాస్తాయి. 6.1 ఉన్నంత మాత్రాన క్యాన్సర్ తిరగబెట్టిందని చెప్పలేం. పొగతాగేవారిలోనూ, కాలేయ జబ్బుల్లోనూ, పేగు వాపులోనూ అది కొంత పెరుగుతుంది. అయితే మీ నాన్నగారికి లక్షణం కూడా తోడైంది కాబట్టి, అదే ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయించి చూద్దామని స్కాన్‌ను వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు. కొందరిలో వ్యాధి తిరగబెట్టినా సీఈఏ పెరగదు. అందుకే మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి ఈ పరీక్షతో పాటు, సీటీ స్కాన్లు, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ కూడా చేయిస్తాం. మీ విషయంలో అది ఏడాది ఆలస్యమైంది. వ్యాధి తిరగబెట్టినా, కాలేయంలో ఒకటి రెండు చోట్లకే పాకిన దశలో దొరికితే కొందరికి ఆపరేషన్‌తో తొలగించే వీలుంటుంది, ఆలస్యమైతే ఆ అవకాశం చేజారవచ్చు.

డీఎన్ఏ పరీక్ష కొందరిలో స్కాన్ కంటే ముందే సూచన ఇస్తుంది గానీ, గడ్డ ఎక్కడుందో చెప్పదు. నెగటివ్ వచ్చినా వ్యాధి లేదని హామీ లేదు. ఖర్చూ ఎక్కువే. పేగు సన్నబడితే అది అసలు పట్టుకోదు.

రోగిని చూడకుండా ఇంతకు మించి చెప్పడం భావ్యం కాదు. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, పాత సీఈఏ కాగితాలు తీసుకుని, చికిత్స చేసిన ఆంకాలజిస్టును గానీ, మీకు దగ్గరలోనే అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులను గానీ ఈ వారంలోనే కలవండి. ఈలోగా పొట్ట ఉబ్బినా, వాంతులైనా, గ్యాస్ కూడా పోకపోయినా రాత్రయినా సరే వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.