రక్షించామన్నారు, ఆవిడేమో పారిపోవాలని చూసింది

ప్రశ్న: అమెరికాలో కమాంచీ అనే ఆదివాసీ తెగవాళ్ళు ఎత్తుకుపోయిన ఒక చిన్నపిల్ల పాతికేళ్ళ తర్వాత దొరికితే, సొంతవాళ్ళ దగ్గర ఉండనని గొడవచేసిందని ఎక్కడో చదివానండీ. తన తండ్రిని చంపినవాళ్ళ దగ్గరే ఉంటానని ఎవరైనా అంటారా? బ్రెయిన్‌వాష్ చేసేశారా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివింది సింథియా ఆన్ పార్కర్ గురించే అయ్యుంటుందమ్మా. 1836 మే 19న టెక్సస్‌లో ఫోర్ట్ పార్కర్ మీద, అంటే వలసొచ్చిన తెల్లవాళ్ళు పార్కర్ కుటుంబం కట్టుకున్న కోట మీద, దాడి జరిగింది, ఐదుగురు మగవాళ్ళు చనిపోయారు, అందులో ఆ పిల్ల నాన్న సైలస్ ఉన్నాడు, తాత ఉన్నాడు, ఇంకో ఐదుగుర్ని పట్టుకుపోయారు. అప్పుడు సింథియాకి తొమ్మిదేళ్ళు అటూ ఇటూ. ఇదంతా కళ్ళ ముందే జరిగిన పిల్ల ఎలా కలిసిపోయిందా అన్న మీ అనుమానం న్యాయమైనదే, నేనూ మొదట్లో ఇదే అడిగాను.

ముందు ఒకటి చెప్తాను, అందర్నీ ప్రేమగా చూశారనుకోకండి. అదే రోజు పట్టుబడిన రేచెల్ ప్లమర్ సింథియాకి పెదనాన్న కూతురు, వరసకి అక్క. ఆవిడ అప్పటికే పెళ్ళయిన మనిషి, గర్భవతి, ఆవిడచేత బానిసలా చాకిరీ చేయించారు, అక్కడ పుట్టిన పసిబిడ్డని చంపేశారు. 1837లో డబ్బిచ్చి విడిపించారుగానీ 1839లోనే చనిపోయింది. అదే దాడి, అదే తెగ, అక్కకి ఒకటి జరిగింది చెల్లికి ఇంకోటి జరిగింది, ఎందుకంటే వయసు. మశూచి, కలరా, ఎడతెగని యుద్ధాలు, వీటితో కమాంచీల జనాభా కరిగిపోతూ వచ్చింది, ఇంకోపక్క వేల గుర్రాల మందలు, బైసన్ (అక్కడి అడవి దున్న) తోళ్ళ పని, ఇవన్నీ చూసుకోడానికి మనుషులు కావాలి. అందుకని చిన్నపిల్లలు దొరికితే పెంచుకునేవాళ్ళు, ఒకసారి ఇంట్లోకి తీసుకున్నాక ఆ పిల్ల కమాంచీయే, రక్తం సంగతి ఎవరూ ఎత్తరు. అలా పోయినవాళ్ళలో మెక్సికో పిల్లలే చాలా ఎక్కువ, కానీ మనం వినేది మాత్రం తెల్లపిల్లల కథలే.

సింథియాకి నదూవా అని పేరొచ్చింది, దొరికిన మనిషి అని అర్థం చెప్తారు. పెరిగింది, పీటా నొకోనా అనే కమాంచీ నాయకుణ్ణి పెళ్ళి చేసుకుంది, క్వానా, పెకోస్ అని ఇద్దరు కొడుకులు, తర్వాత టాప్సన్నా అని కూతురు. 1840లలో ఓసారి తెల్లవాళ్ళు కనిపెట్టి విడిపిస్తామంటే కూడా రాలేదు. ఇరవై నాలుగేళ్ళు గడిచాయి, ఇంగ్లీషు మర్చిపోయింది. ఇప్పుడు చెప్పండి, బ్రెయిన్‌వాష్ అనాలా దీన్ని? అది ఆవిడ సంసారం.

1860 డిసెంబర్‌లో పీస్ నది దగ్గర టెక్సస్ రేంజర్లు, అంటే ఆ రాష్ట్రపు సాయుధ దళంవాళ్ళు, కమాంచీల గుడారాల మీద పడ్డారు. చంకలో పాపతో పట్టుబడిన మనిషికి నీలం కళ్ళున్నాయని అప్పుడు గమనించారు. పెదనాన్న ఐజాక్ వచ్చి సింథియా ఆన్ అనే పేరు పలికితే, ఆ పేరు నాదే అని గుండె మీద చెయ్యి వేసుకుందట.

1861లో తీసిన ఫొటో ఒకటుంది, వీలైతే చూడండి. జుట్టు పొట్టిగా కత్తిరించేసి ఉంటుంది, కమాంచీ ఆడవాళ్ళు అయినవాళ్ళు పోయిన దుఃఖంలో అలా కత్తిరించుకుంటారు. పాప పాలు తాగుతూ ఉంటుంది, ఆవిడ కెమెరాకేసి సూటిగా చూస్తుంది, చేతులు మాత్రం కష్టం చేసిన పెద్ద చేతులు. దీన్నే రక్షించామని చెప్పుకున్నారు. టెక్సస్ ప్రభుత్వం 4,400 పైచిలుకు ఎకరాలు, ఐదేళ్ళపాటు ఏడాదికి 100 డాలర్లు ఇస్తామంది. ఆవిడకి కావలసింది ఇద్దరు కొడుకులు, వాళ్ళని వెతుక్కుంటూ పోవాలని ఎన్నిసార్లు పారిపోబోయినా పట్టుకొచ్చారు. పెదనాన్న ఇంటినుంచి తమ్ముడింటికి, అక్కడినుంచి చెల్లెలింటికి. ఆ కాస్త పాప కూడా కొన్నేళ్ళకే జబ్బుచేసి పోయింది, 1870 ప్రాంతంలో ఆవిడా పోయింది. మొదటిసారి అమ్మానాన్నల్ని లాక్కున్నారు రెండోసారి పిల్లల్ని లాక్కున్నారు, రెండోసారి చేసినవాళ్ళు సొంతవాళ్ళు కాబట్టి దాన్ని అపహరణ అనలేదు, నాకు ఇక్కడే కడుపు మండుతుంది.

ప్రశ్న: మగపిల్లలు కూడా ఇలాగే ఉండిపోయారా? సింథియా కొడుకులు ఏమయ్యారు? – ఇంకో పాఠకుడు

జవాబు: హర్మన్ లేమన్ అని జర్మన్ వలస కుటుంబం పిల్లాడు, 1870లో పదకొండేళ్ళు కూడా నిండకుండానే అపాచీలు అనే ఇంకో తెగవాళ్ళు ఎత్తుకుపోతే తర్వాత కమాంచీల్లో కలిశాడు. 1878లో ఇంటికి తెస్తే జర్మన్ ఒక్క ముక్క రాదు, మంచం మీద పడుకోడు. తర్వాత్తర్వాత కుదురుకున్నాడుగానీ కమాంచీగానే ఓక్లహోమాలో భూమి తీసుకున్నాడు. రుడాల్ఫ్ ఫిషర్ అయితే ఇంటికి తెచ్చాక కూడా ఉండలేక మళ్ళీ కమాంచీల దగ్గరికే పోయి, చివరిదాకా అక్కడే బతికాడు.

ఇక సింథియా పెద్దకొడుకు క్వానా. అమెరికా సైన్యంతో పోరాడి పోరాడి, గుర్రాలు పోయి బైసన్లు పోయి, 1875లో, ఇప్పటి ఓక్లహోమాలో ఉన్న సైనిక స్థావరం ఫోర్ట్ సిల్‌లో లొంగిపోయాడు, తర్వాత తెగ పెద్దయ్యాడు. క్వానా పార్కర్ అని తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడండీ! నేను చెప్పిన ఆ ఫొటో ఉంది చూశారా, అందులోని అమ్మ బొమ్మనే పెద్ద ఫ్రేములో గోడకి పెట్టుకున్నాడు, దాని పక్కన తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ఉంది. 1910లో టెక్సస్‌నుంచి తల్లి ఎముకలు తెప్పించి ఓక్లహోమాలో తన ఊరి దగ్గర పాతించాడు, 1911 ఫిబ్రవరిలో తనూ పోతే ఆవిడ పక్కనే పెట్టారు. 1957లో ఇద్దర్నీ ఫోర్ట్ సిల్‌కి మార్చారు, 1965లో టాప్సన్నాని కూడా టెక్సస్‌నుంచి తీసుకొచ్చి అమ్మ దగ్గర పెట్టారు.