అతిథులు వస్తే వంటింట్లోనే ఉండిపోతున్నానన్న ప్రశ్నకు సమాధానం

పన్నెండు మందిని భోజనానికి పిలిస్తే వాళ్లతో కూర్చుని తినే వీలే ఉండడం లేదన్నారు. చిక్కంతా మీ వంటల జాబితాలోనే ఉంది. పూరీలు, గారెలు, బజ్జీలు మూడూ అప్పటికప్పుడు వేడిగా వేయాల్సినవే. ముందు వాటిని తీసేయండి. వాటి బదులు పులిహోర, పప్పుచారు, ఒక వేపుడు, పెరుగు చాలు. బంధువులు వచ్చేది మీతో మాట్లాడడానికి.

1. ముందు రోజు రాత్రే పులిహోరకు చింతపండు గుజ్జును నూనె, పచ్చిమిర్చి, ఉప్పు వేసి, నూనె పైకి తేలేవరకు ఉడికించి పెట్టుకోండి.

2. ఉదయం అన్నం పొడిపొడిగా వండండి. చాలామంది వదిలేసే పని ఇక్కడే ఉంది. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడి మీదే పసుపు, రెండు చెంచాల నూనె, పచ్చి కరివేపాకు చల్లి పూర్తిగా ఆరనివ్వాలి. వేడి అన్నంలో గుజ్జు వేసి కలియబెడితే మెతుకు విరిగి ముద్దవుతుంది. ఆరాక గుజ్జు, పోపు వేసి చేత్తో తేలికగా కలపండి. కనీసం గంటసేపు ఊరితేనే పులుపు మెతుకుకు పడుతుంది, కాబట్టి అతిథులు రాకముందే కలిపి మూత పెట్టేయండి.

3. పప్పుచారు పొద్దున్నే కాచుకోండి, వడ్డించే ముందు వేడి చేస్తే సరి. అప్పడాలు ముందే వేయించి, చల్లారాక గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

4. గిన్నెలు, గరిటెలు, నెయ్యి, ఉప్పు, ఊరగాయ, మంచినీళ్లు అన్నీ మధ్యలో పెట్టండి. మొదటి వడ్డన మీరు చేయండి, మారు ఎవరికి వారు వడ్డించుకుంటారు. మీ కంచం కూడా వాళ్లతోపాటే పెట్టుకోండి.