లోతుకి దిగబోతున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కి,

అత్త ఆశీస్సులు.

స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కార్డు చేతికొచ్చిందనీ, వచ్చే నెల నిట్టనిలువు రీఫ్ (పగడపు దిబ్బ) గోడల దగ్గర, ప్రవాహం గట్టిగా ఉండే చోట్ల డైవ్‌లు బుక్ చేసుకున్నాననీ రాశావు. సంతోషంరా. ఏ ఫిన్స్ (ఈదడానికి కాళ్ళకి తొడుక్కునే రెక్కలు) కొనను, కెమెరా తీసుకెళ్ళనా అని అడిగావు. ఫిన్స్ కాలికి సరిగ్గా పట్టేవి ఏవైనా ఒకటే. కెమెరా మాత్రం మొదటి రెండు రోజులు బ్యాగులోనే ఉండనీ.

నువ్వు అడగని విషయం ఒకటుంది. ఎంత లోతు దాకా వెళ్ళాలి, గాలి ఎంతకి తగ్గితే వెనక్కి తిరగాలి, బడ్డీ, అంటే నీతో జతగా దిగేవాడు, కనబడకపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ బోటు మీదే తేల్చుకుని దిగాలి. కిందికెళ్ళాక చూద్దాంలే అన్నమాట 12 మీటర్ల దగ్గర చెల్లుతుందేమో గానీ 30 దగ్గర చెల్లదు. ఎందుకంటే అక్కడ నీ బుర్ర మీద నైట్రోజన్ పనిచేస్తూ ఉంటుంది.

నైట్రోజన్ మత్తంటే తూలడం, నవ్వడం అనుకుంటారు చాలామంది. అలా వస్తే తేలిగ్గా పట్టేసుకోవచ్చు. ఎక్కువసార్లు వచ్చే తీరు వేరు. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ చేతిలోకి తీసుకుంటావు, ముల్లు 110 బార్ (గాలి పీడనం కొలత) దగ్గరుంటుంది, చూసి వదిలేస్తావు. రెండు క్షణాల తర్వాత ఎంతుందని నిన్ను నువ్వే అడుగు, జవాబు రాదు. మళ్ళీ తీసి చూస్తావు. అంకె కంట్లో పడింది, బుర్రకెక్కలేదు. కొందరికి హుషారు వస్తుంది, కొందరికి కారణం లేని భయం వస్తుంది. నిన్న ఏమీ అనిపించలేదు కాబట్టి ఇవాళా అనిపించదని లెక్కేం లేదు. నిద్ర చాలకపోయినా, చలి వేసినా, ఎదురీది ఆయాసపడినా మత్తు ముదురుతుంది. అందుకే బడ్డీతో ముందే ఒక ఒప్పందం చేసుకో: రెండు మూడు నిమిషాలకోసారి నీ గాలి ఎంతుందో వేళ్ళతో చూపించు, అతను తనది చూపించాలి. జవాబు ఆలస్యమైనా, తప్పు చూపించినా ఇద్దరూ కలిసి ఐదారు మీటర్లు పైకి రావాలి. వాదన లేదు. పైకి వస్తే మత్తు దానంతటదే దిగిపోతుంది, వేరే మందు లేదు.

ఇక గాలి. దీని మీద కాస్త ఓపిగ్గా కూర్చో. ఉపరితలం దగ్గర నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగింతలు కాబట్టి 80 లీటర్లు ఖర్చు పెడతాడు. మామూలు అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ నింపితే 2,200 లీటర్లు. చూడ్డానికి బోలెడంత అనిపిస్తుంది. "50 బార్‌తో బోటెక్కాలి" అని నీకు నేర్పి ఉంటారు. మంచి అలవాటే, కానీ 30 మీటర్ల దగ్గర ఏ అంకెకి పైకి బయలుదేరాలో అది చెప్పదు. అది నువ్వు వేసుకోవాల్సిన లెక్క. సరిగ్గా అక్కడే నీ బడ్డీకి గాలి అయిపోయిందనుకో. నీ సిలిండర్ మీద ఇద్దరు పీలుస్తారు. తేరుకోవడానికి ఒక నిమిషం పడితే 160 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి సుమారు 330. అక్కడ మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కి, అంటే జాగ్రత్త కోసం ఆగడానికి, 180. చివరి ఐదు మీటర్లకి నిదానంగా మరో 50. మొత్తం 720 లీటర్లు, అంటే దాదాపు 65 బార్. టెన్షన్‌లో ఎవరూ నిమిషానికి 20 లీటర్లతో ఆగరు కాబట్టి నేనైతే 80 అంటాను. ముల్లు 80కి వచ్చేసరికి నువ్వు 30 దగ్గర ఉండకూడదు. ప్రవాహానికి ఎదురీది తిరిగి రావాల్సిన చోటైతే ఇంకా ముందే. ఈ అంకె బడ్డీకీ తెలియాలి, గైడ్‌కీ చెప్పు. గైడ్ మొహం చిట్లిస్తే గైడ్‌ని మార్చుకో.

సిలిండర్ వాల్వ్ సంగతి ఒక్క మాట. ప్రవాహం ఉన్న చోట బీసీడీ (గాలి నింపి తేలడానికి తొడుక్కునే జాకెట్టు) ఖాళీ చేసుకుని బోటు మీంచి నేరుగా కిందికి దిగమంటారు. దూకే ముందు నోట్లో పెట్టుకుని పీల్చే రెగ్యులేటర్‌లోంచి నాలుగు శ్వాసలు తీసుకుంటూ గేజ్ ముల్లు చూడు. కదలకపోతే సరే. పీల్చినప్పుడల్లా కిందికి జారి మళ్ళీ లేస్తోందంటే వాల్వ్ సరిగ్గా తెరుచుకోలేదు. పైన శ్వాస హాయిగానే ఆడుతుంది, 25 మీటర్ల దగ్గర ఆడదు. ఎవరో తిప్పారులే అని నమ్మకు.

ప్రవాహాల్లో నన్ను ఆలోచనలో పడేసేది పక్కకి లాగేది కాదు, దానితో పాటు పోవచ్చు. గోడ అంచున కిందికి లాగేదే ప్రమాదం. చేపలు అన్నీ తల పైకెత్తి నిలబడ్డట్టు ఈదుతుంటాయి, నీ బుడగలు పైకి పోకుండా పక్కకీ కిందికీ కొట్టుకుపోతుంటాయి, చెవులు ఉన్నట్టుండి బిగుస్తాయి. అప్పుడు నేరుగా పైకి ఈదితే ఊపిరి అయిపోవడం తప్ప ఏమీ జరగదు. గోడ చేతికందేంత దగ్గరుంటే రాయి పట్టుకుని రాయి తర్వాత రాయిగా ఎక్కు. అందకపోతే గోడకి దూరంగా, అడ్డంగా, నీలంలోకి (ఖాళీ నీళ్ళలోకి) ఈదు. లాగుడు తరచుగా గోడ పక్కనే ఎక్కువ. బీసీడీలో గాలి నింపొచ్చు, కానీ లాగుడు వదిలిన మరుక్షణం నిన్ను పైకి విసిరేస్తుంది. గాలి వదిలే తాడు మీద చెయ్యి ఉంచుకునే నింపు. చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌లో లోతు, సమయం చూడు, బడ్డీని చూడు, మిగతావన్నీ తర్వాత.

రీఫ్ హుక్ (ప్రవాహంలో కొట్టుకుపోకుండా రాతికి తగిలించే తాడు కొక్కెం) గురించి రాశావు. పసిఫిక్ దీవుల దేశం పలావ్‌లోని బ్లూ కార్నర్ లాంటి చోట్ల అదే పద్ధతి. ప్రాణమున్న పగడానికి కాదు, చచ్చిన రాతికి తగిలించు. బీసీడీలో కాస్త గాలి వేస్తే గాలిపటంలా నిలబడతావు, షార్కులు నీ ముందే తిరుగుతుంటాయి. హుక్ తియ్యబోయే ముందు ఆ గాలి వదిలెయ్యాలి. ఇది మర్చిపోయి పైకి తేలిపోయినవాళ్ళని చూశాను.

నీ కార్డు 30 మీటర్లకి. డీప్ కోర్సు చేస్తే 40, వినోదానికి చేసే డైవింగ్‌కి అదే చివరి హద్దు. మాల్దీవుల్లో 30 దాటకూడదని చట్టమే ఉంది. ఈజిప్టులోని దహబ్‌లో బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంటలో రాతి తోరణం 50 మీటర్లు దాటాక ఉంటుంది. నీరు తేటగా ఉండి దగ్గర్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ పోయినవాళ్ళ పేర్లు ఒడ్డున రాతి పలకల మీద ఉన్నాయి. "ఇంకో ఐదు మీటర్లే కదా" అని ఎవరు పిలిచినా తల అడ్డంగా ఊపు. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) తీసుకుంటే లోతు పెరుగుతుందనుకోకు, తగ్గుతుంది. 32 శాతం ఆక్సిజన్‌కి హద్దు సుమారు 33 మీటర్లు. అది ఇచ్చేది కింద మరికొంత సమయం, అంతే. సిలిండర్‌లో ఆక్సిజన్ శాతం నీ కళ్ళ ముందే కొలిపించుకుని కంప్యూటర్‌లో నువ్వే పెట్టు.

కంప్యూటర్ ఎవరిది వాళ్ళకే ఉండాలి. మామూలు గాలితో, పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన పని పడకుండా 30 మీటర్ల దగ్గర ఉండగలిగే సమయం 20 నిమిషాల లోపే, అది సున్నా అయ్యేదాకా చూస్తూ కూర్చోకు. పైకి వచ్చేటప్పుడు నీలంలో మూడు నిమిషాలు నిలబడటం రావాలి, పట్టుకోవడానికి తాడుండదు. బోటుకి నువ్వెక్కడున్నావో తెలిపే సిగ్నల్ బెలూన్ వదలడం ముందే ఐదారు మీటర్ల నీళ్ళలో సాధన చెయ్యి. దాని తాడు చుట్టిన రీలు చేతికి కట్టుకోకు, బెలూన్ నిన్ను కూడా లాక్కుపోతుంది. బడ్డీ కనబడకపోతే ఒక్క నిమిషం చుట్టూ చూడు, తర్వాత పైకి రా. అతనూ అదే చెయ్యాలని ముందే అనుకోవాలి.

బోటెక్కాక భుజం నొప్పి, చర్మం మీద మచ్చలు, చేతుల్లో తిమ్మిరి, మామూలుకి మించిన నీరసం ఏది వచ్చినా "సిలిండర్ మోశాను కదా" అని సర్దుకోకు. లోతు నుంచి వచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు కావచ్చు. వెంటనే చెప్పు, ఆక్సిజన్ అడుగు. బోటులో ఆక్సిజన్ ఉందో లేదో బుక్ చేసేముందే కనుక్కో, లేదంటే ఆ బోటు వద్దు. వరుస డైవ్‌ల తర్వాత విమానానికి కనీసం 18 గంటలు ఆగాలి. నీ తిరుగు టికెట్ తారీఖు ఒకసారి చూసుకో.

వెళ్ళేలోపు ఒక పని చెయ్యి. 10 మీటర్ల దగ్గర పది నిమిషాలు నీ మామూలు వేగంతో ఈది, ఎన్ని బార్లు తగ్గిందో రాసుకో. దాన్ని 11తో హెచ్చించి 20తో భాగిస్తే నీ నిమిషం ఖర్చు వస్తుంది. ఆ అంకె నాకు పంపు. నువ్వు ఏ దగ్గర వెనక్కి తిరగాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.

ఉంటాను,
అత్త