ప్రోగ్రామ్ సేవ్ చేశానంటోంది, ఫైలు మాత్రం కనపడటం లేదు: ఎక్కడ వెతకాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. మేడ మీద పెట్టిన సెన్సర్ నుంచి ఉష్ణోగ్రత, తేమ తీసుకుని రాసిపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్. తేదీ పేరుతో రోజుకో సీఎస్‌వీ ఫైలు, 10:30 లాంటి టైమ్ పేరుతో ఇంకో చిన్న ఫైలు. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో నడిపితే రోజు ఫైలు బాగానే వస్తోంది, టైమ్ ఫైలేమో సగం పేరుతో 0 కేబీ ఉంటోంది. చెప్పిన టైమ్‌కి ప్రోగ్రామ్‌ని దానంతటదే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగిస్తే రెండూ లేవు, అదేమో పని సక్సెస్ అని చూపిస్తోంది. రికవరీ సాఫ్ట్‌వేర్ కొనమని ఎవరో సలహా ఇచ్చారన్నారు.

కొనకండి. ఏదీ డిలీట్ కాలేదు. మీరు చూస్తున్న చోట లేవు, అంతే.

ముందు షెడ్యూలర్ సంగతి. ఫైలు పేరొక్కటే ఇచ్చి ఓపెన్ చేస్తే పైథాన్ దాన్ని ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్లో రాయదు, ఆ క్షణాన 'కరెంట్ డైరెక్టరీ' (అంటే ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉన్నట్టు నడుస్తోందో అది) ఏదైతే అందులో రాస్తుంది. వీఎస్ కోడ్‌లో అది మామూలుగా మీరు తెరిచిన ఫోల్డరే కాబట్టి తేడా తెలియదు. షెడ్యూలర్లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలేస్తే అది సి డ్రైవ్‌లో విండోస్ కింద ఉన్న సిస్టమ్32 అవుతుంది. మామూలుగా అక్కడ రాయడానికి పర్మిషన్ ఉండదు, ఎర్రర్ వచ్చి విషయం బయటపడేది. మీరు 'రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్' టిక్ పెట్టానన్నారు కదా, అందుకే గుట్టుచప్పుడు కాకుండా రాసేసింది. సిస్టమ్32 తెరిచి, 'డేట్ మాడిఫైడ్' ప్రకారం పేర్చి చూడండి. మీది 32 బిట్ పైథాన్ అయితే పక్కనే ఉన్న సిస్‌వావ్64లో చూడండి, విండోస్ అటు మళ్ళిస్తుంది. స్టార్ట్ మెనూ సెర్చ్‌లో దొరకలేదని కంగారు పడకండి. విండోస్ ఫోల్డర్, యాప్‌డేటా మామూలుగా ఆ ఇండెక్స్‌లోనే ఉండవు.

'స్టార్ట్ ఇన్'లో ఫోల్డర్ పాత్ రాసేటప్పుడు కోట్స్ పెట్టకండి, పాత్‌లో ఖాళీలున్నా సరే. పెడితే డైరెక్టరీ పేరు తప్పంటూ టాస్క్ మొదలే కాదు.

ఇక సగం పేరు ఫైలు. నాకైతే మీ ప్రశ్నలో అసలు సరదా ఇక్కడే ఉంది. విండోస్‌లో ఫైలు పేరులో : (కోలన్) పెడితే ఎక్స్‌ప్లోరర్ ఒప్పుకోదు గానీ, ప్రోగ్రామ్ నుంచి రాస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళని పెట్టే పద్ధతి) దాన్ని వేరేలా అర్థం చేసుకుంటుంది. కోలన్‌కి ముందున్నది ఫైలు పేరు, తర్వాతిది ఆ ఫైలుకి తగిలించిన 'ఆల్టర్నేట్ డేటా స్ట్రీమ్' (అదే ఫైలుకి వెనకాల ఉండే రెండో డేటా అర) పేరు. అంటే 'తేమ_10:30.సీఎస్‌వీ' అని రాస్తే 'తేమ_10' అనే ఖాళీ ఫైలు పుడుతుంది, మీ అంకెలన్నీ '30.సీఎస్‌వీ' అనే స్ట్రీమ్‌లో కూర్చుంటాయి. ఎక్స్‌ప్లోరర్ ఆ స్ట్రీమ్ సైజు లెక్కపెట్టదు, అందుకే 0 కేబీ. కమాండ్ ప్రాంప్ట్‌లో డిర్ కమాండ్‌కి స్లాష్ ఆర్ తగిలించి చూడండి, రెండూ కనపడతాయి. సెకన్లు కూడా పెట్టుంటే రెండో కోలన్ దగ్గర ఎర్రర్ వచ్చేది, మీరు గంట, నిమిషంతోనే ఆపారు. డేటా పదిలంగానే ఉంది: పైథాన్‌లో అదే పేరు, కోలన్‌తో సహా ఇచ్చి రీడ్ మోడ్‌లో తెరవండి, వచ్చేస్తుంది. ఇకమీదట కోలన్ బదులు హైఫన్ పెట్టుకోండి.

ఇలాంటి మాయం నేను మొదట చూసింది మా బాబాయి దగ్గర. ఆయన చీటీల లెక్కలకి విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వీబీ6 (విజువల్ బేసిక్) భాషలో సొంతంగా ప్రోగ్రామ్ రాసుకున్నారు, దాన్ని సి డ్రైవ్‌లోని 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్లోనే పెట్టి విండోస్ 7లో కూడా వాడారు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక ఆ ఫోల్డర్ ఉన్నదున్నట్టు కాపీ చేస్తే, లెక్కలు విండోస్ 7 వేసిన నాటి దగ్గర ఆగిపోయాయి. పాత కంప్యూటర్‌లో మాత్రం ప్రోగ్రామ్ తెరిస్తే నిన్నటి పాట దాకా అన్నీ ఉన్నాయి! చీటీ ఎత్తినవాళ్ళ లిస్టు పోయిందంటే వీధిలో తలెత్తుకోలేమని పిన్ని ఒకటే గోల.

ఏమైందంటే, ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి మామూలు యూజర్‌గా నడిచే ప్రోగ్రామ్‌లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయకూడదు. పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లు ఆగిపోకుండా విండోస్ ఒక ఉపాయం చేసింది. అవి రాయబోయిన ఫైలుని యూజర్ ఫోల్డర్ కింద యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోట కాపీ చేసి, ఇక అక్కడే రాయిస్తుంది. ప్రోగ్రామ్‌కి మాత్రం అసలు చోటులోనే ఉన్నట్టు చూపిస్తుంది. విండోస్ 7 ఎక్స్‌ప్లోరర్లో 'కంపాటిబిలిటీ ఫైల్స్' అనే బటన్ కూడా ఉండేది, నొక్కితే సరాసరి అక్కడికే తీసుకెళ్ళేది. అందులోంచి డేటా ఫైలు తెచ్చి కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టాం, చీటీలు సాగాయి.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: డిస్క్ అంతా గాలించను, ప్రోగ్రామ్‌నే అడుగుతాను. ఫైలు మూసిన వెంటనే దాని పూర్తి పాత్‌ని (ఓఎస్ డాట్ పాత్‌లో ఆబ్స్‌పాత్) ప్రింట్ చేయించండి. షెడ్యూలర్లో ప్రింట్ కనపడదు కాబట్టి, డి డ్రైవ్‌లో ఒక లాగ్ ఫైలు పూర్తి పాత్‌తో పెట్టి అందులో రాయించండి. ట్రై కింద ఎక్సెప్ట్ పెట్టి పాస్ అని వదిలేసి ఉంటే ముందు అది తీసేయండి, ఎర్రర్లన్నీ అదే మింగేస్తుంది.

కోడ్ మన చేతిలో లేనప్పుడు మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లోని ప్రాసెస్ మానిటర్ అనే ఉచిత టూల్ పనికొస్తుంది. ప్రాసెస్ పేరు, 'క్రియేట్‌ఫైల్' ఆపరేషన్, ఈ రెండిటికీ ఫిల్టర్ పెడితే ఏ పాత్‌లో ఏం తెరవబోయిందో, 'యాక్సెస్ డినైడ్' అయిందో లేదో వరసగా చూపిస్తుంది.

శాశ్వతంగా అయితే డేటా రాసే ఫోల్డర్ పాత్‌ని మీ పైథాన్ ప్రోగ్రామ్ ఉన్న చోటు నుంచే కట్టుకోండి. ఒక్క హెచ్చరిక: రేపు పైథాన్ ప్రోగ్రామ్‌ని ఈఎక్స్ఈ ఫైలుగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఎగ్జిక్యూటబుల్‌గా కట్టారనుకోండి, ఆ పాత్ టెంప్‌లో తాత్కాలిక ఫోల్డర్ అవుతుంది, ప్రోగ్రామ్ ఆగగానే అది చెరిగిపోతుంది. ఫైళ్ళు నిజంగానే పోయేది అప్పుడే. అక్కడ సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్ పాత్ వాడాలి.

ఆ 0 కేబీ ఫైళ్ళని మాత్రం ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇక్కడ తీసేయకండి. పెన్‌డ్రైవ్‌లలో తరచూ ఉండే ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో స్ట్రీమ్‌లు ఉండవు, ఖాళీ ఫైలే వెళ్తుంది. ముందు అంకెల్ని పైథాన్‌తో మామూలు పేరున్న ఫైల్లోకి దించుకోండి.