డిగ్రీలో సోషియాలజీ, ఫ్యామిలీ లైఫ్, బిజినెస్ ఎథిక్స్ పేపర్లు తీసుకుంటే ఉపయోగం ఉంటుందా?

తమ్ముడూ, బీకామ్‌లో ఎలక్టివ్ కింద ఈ మూడింట్లో ఒకటి తీసుకోనా, లేక ఉద్యోగానికి పనికొచ్చే పేపరే చూసుకోనా అని కదా నువ్వు అడిగింది. నాది పాలకొల్లు పక్క పల్లెటూరు, బీఏ సోషియాలజీ చేసి తర్వాత ఎంబీఏ చేశాను, మూడూ చదివాను. ఇంటర్వ్యూల్లో మాత్రం వీటి గురించి ఒక్కళ్ళూ అడగలేదు, అది ముందే చెప్పేస్తున్నా.

ఫ్యామిలీ లైఫ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఇంటి బడ్జెట్టు, పోషకాహారం, ఉమ్మడి కుటుంబం లాభనష్టాలు. పన్నెండు మందిమి ఒకే వంటింట్లో తిని పెరిగినదాన్ని, ఆ లాభనష్టాలు నన్ను బట్టీ పట్టమంటే నవ్వొచ్చేది. మార్కులు మాత్రం బాగా వస్తాయి.

సోషియాలజీ అలా కాదు. బంధుత్వం చాప్టర్‌లో ఇరావతీ కార్వే అనే మానవ శాస్త్రవేత్త వస్తారు, 1953లో ఆవిడ పుస్తకం వచ్చింది, దేశాన్ని నాలుగు బంధుత్వ ప్రాంతాలుగా విడగొట్టి చూపించారు. ఉత్తరాదిలో పిల్లని ముక్కూ మొహం తెలియని ఇంటికి పంపిస్తారు, మన దక్షిణాదిలో తెలిసిన ఇంటికే ఇస్తారు, అందుకే మనకి మొగుడి తల్లీ అత్తే, నాన్న చెల్లెలూ అత్తే. ఈ మాట రోజూ నోట్లో నానేదే గానీ ఎప్పుడూ తట్టలేదు నాకు. సారు మూడు తరాల పెళ్ళిళ్ళు చార్టు గీసుకురమ్మన్నారు. నాయనమ్మ దగ్గర కూర్చుని రాస్తే మా ఇంట్లోనే మూడు మేనరికాలు తేలాయి. ఎంత ప్రేమలో కదా అన్నాను. "ప్రేమా పాడా, పొలం గట్టు దాటకూడదని చేశారే" అంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తర్వాతి వారం క్లాసులో ఆస్తి హక్కు వచ్చింది. మన రాష్ట్రంలో 5-9-1985 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా, ఎన్టీఆర్ హయాంలో 1986లో చట్టం చేశారు. దేశం మొత్తానికి 2005లో గానీ రాలేదు, అందులో పెళ్ళయిందా లేదా అన్న తేడా తీసేశారు. మా పెద్దత్త పెళ్ళి 1983, చిన్నత్తది 1988. తాతగారు పోయాక 1992లో పంపకాలు, అంటే అప్పటి లెక్కన పెద్దత్తకి తాతగారి వాటాలో భాగం మాత్రమే, చిన్నత్తకి మా నాన్నతో సమానంగా రావాలి. ఇద్దరూ చీర, సారె తీసుకుని సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. అన్నం తింటుంటే నాన్నగారిని అడిగేశాను. పసుపు కుంకుమ కింద చెరో అరెకరం ఇచ్చాం, పెళ్ళిళ్ళు చేశాం, ఇంకేం వాటా అన్నారు, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పోనీ చిన్నత్త సంతోషిస్తుందేమో అనుకుంటే ఆవిడేమో "నాకు పుట్టిల్లు ఉండాలా వద్దా అమ్మా" అంది. అది అభిమానమో భయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, సారు అదే రాయమన్నారు, రాశాను, ఇరవైకి పదిహేడు వేశారు.

బిజినెస్ ఎథిక్స్ ఎంబీఏలో చదివాను. మొదటి కేసు సత్యం కంప్యూటర్స్, ఎక్కడైనా అదే చెప్తారు, 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం, సుమారు 7 వేల కోట్ల దొంగ లెక్కలు. క్లాసులో సగం మంది మన జిల్లాల వాళ్ళే కాబట్టి గొడవ బాగా జరిగింది, 108 అంబులెన్సులు 2005లో మొదలెట్టింది కూడా ఆయనే కదా, అవతల ప్రాణాలు నిలబడ్డాయి కదా అని ఒకడు, అయితే షేర్లు కొన్నవాళ్ళ డబ్బు ఎవడిస్తాడని ఇంకొకడు. సరదాగా ఉండేది గానీ నాకు పాఠం ఎక్కింది మా చెరువు గట్టు మీద. రొయ్యకి రేటు కౌంట్‌ని బట్టి, అంటే కేజీకి ఎన్ని తూగాయో దాన్ని బట్టి, తక్కువ తూగితే పెద్ద రొయ్య, రేటు ఎక్కువ. ముందురోజు 50 కౌంట్ అని మాటిచ్చిన కొనుగోలుదారు తెల్లవారుజామున పట్టుబడి అయ్యాక 60 అన్నాడు. నీళ్ళలోంచి తీసిన రొయ్యని మళ్ళీ చెరువులో వెయ్యలేం, ఎంతంటే అంతకి ఇచ్చెయ్యడమే. వాడిని నానా తిట్లూ తిట్టి, నిషేధించిన మందులేవీ వాడలేదు అని వాళ్ళిచ్చిన కాగితం మీద నాన్నగారు చదవకుండానే సంతకం పెట్టేశారు. వాడినదాని పేరు కూడా ఆయనకి తెలీదు, మందుల షాపువాడు ఇచ్చిందే. ఈ రెండో సంగతి నేను అసైన్‌మెంట్‌లో రాయలేదు.

నీ సంగతికొస్తే, పేపరు చెప్పే సారు ఎవరో సీనియర్లని కనుక్కో. ప్రాజెక్టు చేయిస్తారంటే సోషియాలజీ తీసుకో, కాస్త ఇంట్లో గొడవలకి సిద్ధపడి. నోట్స్ చెప్పి రాయించేసే బాపతైతే హాయిగా ట్యాలీ, జీఎస్టీ ఉన్న పేపరు చూసుకో, బిజినెస్ ఎథిక్స్ ఎలాగూ ఎంబీఏకి వెళ్తే వస్తుంది.